మేడ మీద మంచుకొండలు

డబ్బా మూత ఊడగానే వాసన గుప్పుమంది. వెనిగర్ వాసన. వంటింట్లోంచి అమ్మ కేకేసింది. "ఏంటే ఆ పులుపు కంపు? జాడీ ఏమన్నా పగలగొట్టావా?" ఆ ఇంట్లో జాడీలో పచ్చడి పెట్టి ఎన్నేళ్ళయిందో! అత్తయ్య పోయిన దగ్గర్నుంచీ మావయ్యది మెస్సు క్యారియర్ భోజనమే.

మావయ్య పెద్దకర్మ అయి మూడు రోజులైంది. మద్రాసు సాలిగ్రామంలో ఆయన ఉన్న అద్దె ఇల్లు ఖాళీ చేస్తున్నాం. మంచం కింద ట్రంకుపెట్టె, అందులో పాత లుంగీలో చుట్టిన గుండ్రటి రేకు డబ్బా. మూత తుప్పుపట్టి బిగుసుకుపోతే చెంచా కాడతో పెకిలించాను. పాత ఫిలిం పాడయ్యేటప్పుడు ఎసిటిక్ యాసిడ్ వదులుతుంది, వెనిగర్‌లో ఉండేదీ అదే. ఈ సంగతి నాకు చెప్పింది కూడా మావయ్యే. "ఫిలింకి ముసలితనం వస్తే చింతకాయ పచ్చడైపోతుందే కోడలా" అనేవాడు.

డబ్బాలో ఏముందో తర్వాత చెప్తాను. ముందు మేడ సంగతి చెప్పాలి.

*

నా చిన్నప్పుడు వడపళనిలో ఉండేవాళ్ళం. మా వీధిలో సగం తెలుగువాళ్ళు, సగం తమిళులు. ఆ తెలుగు సగంలో ముప్పాతిక మంది సినిమావాళ్ళు. సినిమావాళ్ళంటే తెరమీద కనబడేవాళ్ళు కాదు. మేకప్ అసిస్టెంట్లు, లైట్‌బాయ్‌లు, కాస్ట్యూమర్లు, డ్రైవర్లు. ఏడింటి కాల్‌షీట్ కోసం ఐదున్నరకే ప్రొడక్షన్ వ్యాన్ వీధి చివర ఆగి హారన్ కొట్టేది. ఆ హారన్‌కి లేచిన వాళ్ళు షూటింగ్‌కి, దాని తర్వాత వచ్చే పాల సైకిల్ గంటకి లేచిన వాళ్ళు బడికి.

మావయ్య కెమెరా అసిస్టెంట్. అమ్మకి తమ్ముడు. తెనాలి నుంచి కెమెరామన్ అవుదామని వచ్చి, అసిస్టెంట్‌గానే రిటైరయ్యాడు. దాని గురించి ఆయన ఎప్పుడూ బాధపడలేదని రాస్తే అబద్ధం. తాగినప్పుడు పడేవాడు.

పనిలేని శనివారాల్లో సైకిలేసుకుని మౌంట్‌రోడ్డు వైపు వెళ్ళేవాడు. విదేశీ కాన్సులేట్ల లైబ్రరీలు అప్పట్లో 16 ఎం.ఎం. డాక్యుమెంటరీలు బడులకీ సంఘాలకీ అరువిచ్చేవి. మా వీధిలో ఏ సంఘమూ లేదు. మావయ్య ఓ లెటర్‌హెడ్ అచ్చు వేయించి సంఘం పుట్టించాడు. దాని పేరు పూర్తిగా చదవాలంటే మధ్యలో ఒకసారి ఊపిరి పీల్చుకోవాలి. అధ్యక్షుడూ, కార్యదర్శీ, కోశాధికారీ అన్నీ తనే. ప్రొజెక్టర్ మాత్రం కోడంబాక్కంలో అద్దెకి తెచ్చేవాడు. ఆ అద్దె కోసం అత్తయ్య పోపుల డబ్బాలో దాచుకున్న డబ్బులు మాయమయ్యేవి. ఆదివారం పొద్దున అందుకోసం ఓ గొడవ జరిగేది. అది కూడా కార్యక్రమంలో భాగమే.

తెచ్చేవి మాత్రం అన్నీ సాహసయాత్రల సినిమాలే. ఎవరెస్టు, దక్షిణ ధ్రువం, చంద్రమండలం, సముద్రం అడుగు. "ఒక్క పాటన్నా ఉన్న సినిమా తేరాదా?" అని అత్తయ్య అడిగితే, "పాటలు రోజూ తీస్తున్నాంగా. అక్కడ కొండంటే కొండేనే, వెనకాల కర్రలుండవు" అనేవాడు.

*

ఆ కర్రల మాట నాకు ఒకరోజు అర్థమైంది. బడికి సెలవని నన్ను స్టూడియో ఫ్లోర్‌కి తీసుకెళ్ళాడు. లోపల ఓ కొండ ఉంది. బూడిద రంగు, పగుళ్ళు, అక్కడక్కడా నాచు, కొసన మంచు. నోరు తెరుచుకుని చూశాను. మావయ్య చెయ్యిపట్టుకుని వెనక్కి తిప్పాడు. సరుగుడు కర్రలు, వెదురు, గోనెపట్టాలు, వాటి మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్. మంచేమో ఉప్పూ, థర్మోకోల్ పొడీ. కొండ కడుపులో ముగ్గురు లైట్‌బాయ్‌లు కూర్చుని ఇడ్లీలు తింటున్నారు. నాకూ ఒకటి పెట్టారు.

నాకది మోసంగా అనిపించలేదు. పైగా కొండ లోపల కూర్చుని ఇడ్లీ తిన్నానని బడిలో వారం రోజులు చెప్పుకున్నాను.

*

మేడ మీద తెర అంటే అమ్మవి రెండు తెల్ల దుప్పట్లు. నిలువునా కలిపి కుట్టించారు. అందువల్ల మేం చూసిన ప్రతి కొండకీ నడుమ్మీద ఓ కుట్టు ఉండేది. చంద్రుడికీ ఉండేది. పెద్దయ్యాక ఎవరెస్టు ఫోటో ఎక్కడ చూసినా, ఏదో లోపించినట్టు నా కళ్ళు ఆ గీత కోసం వెతికేవి.

ఏడింటికి సముద్రం గాలి తిరిగేది. మద్రాసులో ఎండాకాలం సాయంత్రాలకి అదొక్కటే దిక్కు. గాలి తిరగ్గానే దుప్పటి ఉబ్బేది. మంచుకొండ గర్భిణిలా ముందుకొచ్చి, మళ్ళీ వెనక్కి తగ్గేది. కింద రెండు మూలలకీ మావయ్య ఇటుకలు కట్టేవాడు. వీధి లైటుకి గోనెసంచి తొడిగే పని మా అన్నయ్యది. ప్రొజెక్టర్ టకటకలాడటం మొదలుపెడితే ఆ వేడికి దుమ్ము కాలిన వాసన, వెలుతురు దారిలో రెక్కలాడించే పురుగులు. తెరమీద వాటి నీడలు పిట్టలంత పడేవి. "చూశారా, ఇరవైవేల అడుగుల ఎత్తున కూడా పక్షులున్నాయి!" అని మావయ్య గంభీరంగా చెప్పేవాడు. నేను నమ్మాను. చాలా ఏళ్ళు నమ్మాను.

వ్యాఖ్యానం ఇంగ్లీషులో వచ్చేది. మాకు అర్థమయ్యేది కాదు, నిజానికి ఆయనకీ సగమే. సౌండ్ తగ్గించేసి తనే చెప్పేవాడు, కాసేపు తెలుగు, కాసేపు తమిళం. పెంగ్విన్లు వరసగా నడిచొస్తుంటే "హైకోర్టు వకీళ్ళు భోజనానికి వెళ్తున్నారు" అన్నాడు. వీధంతా పడీ పడీ నవ్వింది, ఒక్క ఎదురింటి తాతగారు తప్ప. ఆయన హైకోర్టు వకీలు.

నేల మీద చాపలు. పిట్టగోడ మీద కుర్రాళ్ళు. శనగల సుండల్ పొట్లాలు. బిందెలు కూడా. నీళ్ళకి కటకటలాడిన ఏడాది అది. ఏ అర్ధరాత్రి లారీ వస్తుందో తెలియదు గనక ఆడవాళ్ళు ప్లాస్టిక్ బిందెలు పక్కన పెట్టుకునే అంటార్కిటికా చూశారు. తెరమీద కనుచూపు మేరంతా మంచు. "అంతా నీళ్ళే కదమ్మా" అని ఒకావిడ నిట్టూర్చింది.

నాకు తెలిసి ఆయన మాతో సీరియస్‌గా చెప్పిన పాఠం ఒక్కటే. చంద్రుడి మీద దిగిన సినిమా వేసిన రాత్రి, రీలు మారుస్తూ అడిగాడు. "1969లో ఇద్దరు దిగారు కదా. ఫోటోల్లో నిలబడి కనిపించేది ఎవరు?" అందరం "ఆర్మ్‌స్ట్రాంగ్!" అని అరిచాం. "కాదు. ఇంచుమించు అన్నిట్లోనూ ఉన్నది ఆల్డ్రిన్. కెమెరా ఎక్కువసేపు ఆర్మ్‌స్ట్రాంగ్ దగ్గరుంది." ఇంకోసారి ఎవరెస్టు. 1953లో శిఖరం మీద జెండాలు కట్టిన ఐస్‌యాక్స్ ఎత్తి నిలబడ్డది టెన్సింగ్. హిల్లరీ శిఖరం మీద ఉన్న ఫోటో ఒక్కటీ లేదు, ఫోటో తీసింది ఆయన కాబట్టి. ఈ రెండూ చెప్పేటప్పుడు మావయ్య గొంతులో గెలిచిన ధ్వని ఉండేది.

*

నిచ్చెన రాత్రి గురించి చెప్పాలి.

ఏ దేశం వాళ్ళ యాత్రో గుర్తులేదు. హిమాలయాల్లో మంచునది. ఆ మంచులో ఇంత వెడల్పున నోరు తెరిచిన పగులు, అడుగు కనిపించనంత లోతు. దాని మీద అడ్డంగా వేసిన అల్యూమినియం నిచ్చెన. బూట్లకి ఇనప ముళ్ళు. ఒకతను నిచ్చెన మెట్ల మీద ఒక్కో అడుగూ పెడుతూ వస్తున్నాడు. వెనకాల ఇద్దరు తాడు పట్టుకుని ఉన్నారు. మేడ మీద ఎవరూ సుండల్ నమలడం లేదు.

సగం దూరం వచ్చాడు. ఆగిపోయాడు.

ఆగింది అతను కాదు, ఫిలిం. గేట్‌లో ఇరుక్కుంది. కన్నుమూసి తెరిచేలోగా అతని ఛాతీ దగ్గర గోధుమరంగు మచ్చ పుట్టింది, పెద్దదైంది, అంచులు నల్లబడి బుడగలు లేచాయి. మనిషీ, నిచ్చెనా, మంచూ అన్నీ కరిగిపోయి తెరంతా తెల్లటి వెలుగు. "అయ్యో, విళుందుట్టాన్!" అని పిట్టగోడ మీద నుంచి ఎవడో ఏడ్చేశాడు. పడిపోయాడనుకున్నాడు. మా చెల్లి కూడా ఏడుపు అందుకుంది.

మావయ్య లైటు ఆర్పి, టార్చి నోట్లో కరుచుకున్నాడు. కాలిన మేర రెండు వైపులా కత్తిరించి, బ్లేడుతో అంచు గీకి, ఫిలిం సిమెంటు రాసి అతికించాడు. పది నిమిషాలు. ఒక్కరూ లేవలేదు. ఆ పది నిమిషాల్లోనే, నోట్లో టార్చి తీసి, ఫ్రాంక్ హర్లీ కథ చెప్పాడు.

షాకిల్టన్ వెంట దక్షిణ ధ్రువం వైపు వెళ్ళిన కెమెరామన్. 1915లో వాళ్ళ ఓడ 'ఎండ్యూరెన్స్' వెడెల్ సముద్రపు మంచులో ఇరుక్కుని నలిగిపోయింది. నెగటివ్‌లు లోపలుండిపోయాయి. హర్లీ చొక్కా విప్పి ఆ మంచునీళ్ళలోకి దిగి, మూతలు సీలు చేసిన డబ్బాలు పైకి తెచ్చాడు. తీరా తెచ్చాక అన్నీ మోయలేరు. గాజు ప్లేట్లు కదా, బరువు. ఆయనా, షాకిల్టనూ మంచుమీద కూర్చుని ఒక్కోటీ చూసి, 120 దాకా ఉంచుకుని, మిగతావి అక్కడే పగలగొట్టారు. నాలుగొందల దాకా ఉంటాయట. మళ్ళీ మనసు మారి వెనక్కి రాకుండా.

"పగలగొట్టిన వాటిలో ఏముందో మనకి తెలీదు" అంటూ రీలు ఎక్కించాడు మావయ్య. బొమ్మ వచ్చింది. నిచ్చెన మీద అతను లేడు. అవతలి గట్టున కూర్చుని బూటు తాడు బిగించుకుంటున్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం పక్కమీద పడుకుని అతను ఎలా దాటాడో ఊహించుకుంటూనే ఉన్నాను. మావయ్యని అడిగితే లెక్క చెప్పాడు. 16 ఎం.ఎం.లో అడుగుకి 40 ఫ్రేములు, క్షణానికి 24. "రెండడుగులు పోయింది. మూడు క్షణాల పైచిలుకు. అంతేనే, నువ్వేం పోగొట్టుకోలేదు."

సోమవారం లైబ్రరీలో పట్టుకున్నారు. గుమాస్తా రీలు తిప్పి చూసి అతుకు కనిపెట్టాడు. డిపాజిట్ పోయింది, ఆర్నెల్లు సినిమాలు ఇవ్వం పొమ్మన్నారు. కత్తిరించిన ముక్క ఏదని అడిగితే పారేశానన్నాడట.

*

ఆ ఆర్నెల్లు పూర్తయ్యేసరికి ఎదురింట్లోకి డయనోరా టీవీ వచ్చింది. రాకేశ్ శర్మ రోదసిలోకి వెళ్ళినప్పుడు (1984 ఏప్రిల్) వీధి వీధంతా వకీలు తాతగారి హాల్లో కూర్చుని చూసింది. మావయ్య గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. దుప్పట్లు విడదీసి మళ్ళీ పక్కలకి వేశారు. కుట్టు విప్పిన చోట చిన్న చిన్న బెజ్జాలు చాలాకాలం ఉన్నాయి.

సినిమా హాళ్ళలో మెయిన్ పిక్చర్‌కి ముందు న్యూస్‌రీలు వచ్చేది కదా. దాన్ని తప్పించుకోడానికి లోకమంతా పావుగంట ఆలస్యంగా వెళ్తే, మావయ్య మమ్మల్ని అరగంట ముందే కూర్చోబెట్టేవాడు. ఎక్కడో ఓ కొండ, ఓ ఓడ కనబడతాయని. మనవాళ్ళు 21 మంది గోవాలో ఓడెక్కి 1982 జనవరి 9న అంటార్కిటికాలో దిగిన సంగతి ఆయనకి తేదీతో సహా నోటికి వచ్చు. నా పుట్టినరోజు మాత్రం ప్రతి ఏడూ మర్చిపోయేవాడు.

నిజం మంచు ఆయన చూసింది ఒకే ఒక్కసారి, గుల్‌మార్గ్‌లో, పాట కోసం. హీరోయిన్ పల్చటి చీరలో వణుకుతుంటే యూనిట్ అంతా ఆవిడకి శాలువాలు కప్పుతోంది. మావయ్యేమో బ్యాటరీకి కప్పాడు. చలికి బ్యాటరీ చచ్చిపోతుందట. కాశ్మీరీ వాళ్ళు పొట్ట దగ్గర పెట్టుకునే నిప్పుల కుంపటి, కాంగ్రీ, ఒకటి అడిగి తెచ్చి దాని పక్కన పెట్టాడు. 35 ఎం.ఎం. ఫిలిం 400 అడుగులు పట్టే మేగజైన్ నాలుగున్నర నిమిషాలు కూడా రాదు. నల్ల సంచిలో చేతులు దూర్చి తడుముకుంటూ మార్చాలి. వేళ్ళు తిమ్మిరెక్కి ఏది అంచో ఏది బెజ్జమో తెలియలేదు. ఓ రోల్‌కి గీతలు పడ్డాయి. కెమెరామన్ అందరి ముందూ తిట్టాడు. ఈ కథ మావయ్య నవ్వుతూనే చెప్పేవాడు గానీ, చెప్తున్నంతసేపూ వేళ్ళు రుద్దుకునేవాడు.

*

ఉద్యోగం కోసం నేను బెంగళూరు వచ్చాక అసలైన పండుగ చూశాను. కెనడాలో బాన్ఫ్ అనే కొండ ఊళ్ళో 1976 నుంచి ఏటా పర్వత సినిమాల ఉత్సవం జరుగుతుంది. అందులో ఎంపిక చేసినవి తర్వాత దేశదేశాలు తిరుగుతాయి. బెంగళూరూ వచ్చేవి. ఆఫీసులో రాళ్ళెక్కే పిచ్చి ఉన్న ఓ కుర్రాడు టికెట్లు పట్టుకొస్తే, నేను మావయ్యకి ఫోన్ చేశాను. బృందావన్ రైలెక్కి వచ్చేశాడు. చేతిలో టిఫిన్ డబ్బా, మెడకి మఫ్లర్. బెంగళూరంటే చలని ఆయన లెక్క.

ఆటోలో చరిత్ర చదివి వినిపించాను. ఇలాంటి ఉత్సవాల్లో ముందుది ఇటలీలోని ట్రెంటోలో, 1952లో మొదలైందని. "యాభై రెండా? నేను తెనాలిలో పలక పట్టుకున్నా అప్పటికి" అన్నాడు. తర్వాత కాసేపు ఆగి, "మనది కూడా ఉత్సవమే కదే, లెటర్‌హెడ్ ఉందిగా" అన్నాడు.

హాలు నిండా కుర్రాళ్ళు. వాననీళ్ళు కారే రక్‌శాక్‌లు, అరిగిన చెప్పులు, చేతి గోళ్ళలో తెల్ల పొడి. పొద్దున్నే రామనగర బండలెక్కి తిన్నగా ఇటే వచ్చిన మొహాలు కొన్ని. దీపాలు ఆరాయి. బొమ్మ పడింది. మావయ్య తెర వంక చూడకుండా వెనక్కి తిరిగాడు.

"చప్పుడేదీ?"

"డిజిటల్ మావయ్యా. చప్పుడుండదు."

"ఊపిరాడని మనిషి పక్కన కూర్చున్నట్టుంది" అని గొణిగాడు. వెనక సీట్లోంచి ఎవరో 'ష్' అన్నారు.

తర్వాత మాత్రం కదల్లేదు. నిలువు బండ మీద ఒకమ్మాయి వేళ్ళకొసలతో వేలాడుతోంది. కింద లోయ. హాలంతా ఆ అమ్మాయి వేళ్ళని చూస్తుంటే మావయ్య నా మోచెయ్యి పొడిచాడు. "కెమెరా ఆమెకన్నా పైనుంది చూడు. వాడెప్పుడెక్కాడు?" ఇంటర్వెల్‌లో మా ఆఫీసు కుర్రాణ్ణి పట్టుకున్నాడు. అతను ఓపిగ్గా చెప్పాడు. తీసేవాళ్ళు ముందే వేరే దారిన పైకెళ్ళి తాడు కడతారు, జూమర్లు అనే బిగింపులతో ఆ తాడు పట్టుకుని వేలాడుతూ తీస్తారు. బ్యాటరీలు చలికి దిగిపోకుండా జాకెట్ లోపల ఒంటికి ఆనించి పెట్టుకుంటారు.

"ఒంటికా!" మావయ్య మొహం వెలిగిపోయింది. "నేను కాంగ్రీ పెట్టాను బాబూ, గుల్‌మార్గ్‌లో." అక్కణ్ణుంచి ఇంటర్వెల్ అయిపోయినా వాళ్ళ మాటలు అవలేదు. ఇద్దరూ కాఫీ స్టాల్ దగ్గరే ఉండిపోయి ఓ సినిమా మొత్తం వదిలేశారు. నాకు కోపం వచ్చింది, నిజం చెప్పాలంటే. అంత దూరం నుంచి రప్పించింది ఇందుకా అని. ఆ వదిలేసిన సినిమానే అన్నిట్లోకీ బాగుంది కూడా.

బయటికొచ్చాక ఫోటో తీసుకుందామని ఫోన్ ఎత్తాను. ఆయన లాక్కుని, నన్నూ ఆ కుర్రాణ్ణీ పోస్టర్ ముందు నిలబెట్టి, "కొంచెం ఎడమకి... గెడ్డం దించు" అని నాలుగు తీశాడు. నాలుగూ బాగా వచ్చాయి.

*

ఆ తర్వాత మా ఫోన్లన్నీ ఇవే. 2014లో నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ పధ్నాలుగేళ్ళు నిండకుండా ఎవరెస్టు ఎక్కితే, భువనగిరి గుట్ట మీద నేర్చుకుందటే అని పొద్దున్నే ఫోన్. ఆ మరుసటేడు మల్లి మస్తాన్‌బాబు ఆండీస్‌లో తప్పిపోయి, చివరికి శవమై దొరికినప్పుడు మాత్రం నేనే చేశాను. ఏడు ఖండాల శిఖరాలు 172 రోజుల్లో ఎక్కిన మనిషి. నెల్లూరు జిల్లావాడు, మనకి పక్కూరే కదే అని ఆ రోజు ఇంకేం మాట్లాడలేదు మావయ్య. 2022లో 'ఎండ్యూరెన్స్' ఓడ మూడువేల మీటర్ల లోతున చాలావరకు చెక్కుచెదరకుండా దొరికిందని చెప్తే, "ఆ పగలగొట్టిన ప్లేట్లు?" అన్నాడు. అవి మంచు మీద కదా మావయ్యా అంటే, "అవునవును" అన్నాడు.

*

పెద్దకర్మకి దండ వెయ్యడానికి ఫోటో కావాల్సొచ్చింది. లేదు. అందరి పెళ్ళిళ్ళ ఆల్బమ్‌లూ ఆయన తీసినవే. ఒక్కదాంట్లోనూ ఆయన లేడు. చివరికి యూనియన్ కార్డు మీద బొమ్మని పెద్దది చేయించాం. చెవి మీద సగం రబ్బరు స్టాంపు. స్టూడియోవాడు దాన్ని చెరిపేస్తానంటే అమ్మ వద్దంది.

డబ్బాలో పూర్తి రీలు లేదు. అన్నీ ముక్కలే. జానెడు, మూరెడు, కొన్ని వేలెడు. దారాలతో కట్టలు కట్టి ఉన్నాయి. మేడ మీద తెగిన ప్రతిసారీ కత్తిరించి, పారేశానని చెప్పి దాచినవి. రంగులన్నీ వెలిసిపోయి ఎర్రటి ఛాయ ఒకటే మిగిలింది. మంచంతా గులాబీ రంగు. పెంగ్విన్లు కూడా. ఫిలిం కుంచించుకుపోయి, వంకర్లు తిరిగింది. ఇక ఏ ప్రొజెక్టర్‌లోనూ ఎక్కదు.

అన్నిట్లోకీ పొడుగు ముక్క మధ్యలో గుండ్రంగా కాలిన బెజ్జం ఉంది. మావయ్య భూతద్దం తీసుకుని కిటికీ దగ్గరికెళ్ళాను. ఫ్రేము చిటికెనవేలి గోరంత. గులాబీ మంచులో నిచ్చెన, దాని మీద మనిషి. ఎడమ కాలు లేచింది. పక్క ఫ్రేములో ఇంకాస్త. తర్వాతది బెజ్జం. దాని తర్వాత కాలు మెట్టు మీద ఆనింది. నేను గోటితో జరుపుతూ లెక్కపెట్టాను. అమ్మ వచ్చి పక్కన నిలబడి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "దాటాడా?" అంది.

డెబ్భై ఆరో ఫ్రేము దగ్గర ముక్క అయిపోయింది. అతనికింకా రెండు మెట్లుంది.